తప్పెట మనిషి చేతిలో చైనా బొమ్మ

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి ఒళ్లో తప్పెట ఉంది. కళ్లు ఎర్రగా ఉంటే తాగినాడనుకుని, నా ఒళ్లోని అట్టపెట్టెను దగ్గరికి లాక్కున్నాను.

"అందులో ఏముందన్నా?"

"మందులు," అని అబద్ధం చెప్పాను. నిజానికి అది పాత వస్తువుల బేరంలో నా చేతికొచ్చిన, చైనాలో ఎవరిదో పాత సమాధిలోంచి తీసిన మట్టి బొమ్మ. జానెడు ఎత్తున్న డోలు వాద్యగాడు.

బస్సు గుంతలో పడి ఎగిరింది. మూత ఊడి బొమ్మ జారింది. నా చెయ్యి కదిలేలోపే అతను దాన్ని ఒడిసి పట్టాడు. పట్టినవాడు తిరిగి ఇవ్వలేదు.

"యాడిదిది?"

ఇక దాచలేక చెప్పాను. చచ్చినవాడికి తోడుగా వాయించాలని ఇలాంటి వాద్యగాళ్లను గోతిలో పెట్టేవాళ్లని.

అతని వేళ్లు బిగిశాయి. విరిచేస్తాడేమోనని చెయ్యి చాపాను.

"మేమూ సావుకే వాయిస్తాం. మన్నేసినంక ఆ ఇంటి పెద్దకొడుకు 'ఇంగ సాలప్పా' అంటేనే తప్పెట దించేది. ఈయప్పకు ఎవురూ సెప్పలేదా?"

అతను బొమ్మ చేతుల మీద బొటనవేలు ఆనించి, "ఇంగ సాలప్పా, ఇంటికి పో," అన్నాడు మెల్లగా. దాన్ని పెట్టెలో పడుకోబెట్టి, తర్వాతి ఊళ్లో దిగిపోయాడు.

మా ఇంట్లో పెద్దకొడుకును నేనే. మా నాన్నకు మన్నేశాక ఆ మాట అన్నానా అని ఎన్నిసార్లు ఆలోచించానో. గుర్తున్నది ఒక్కటే. స్నానానికి బావి దిక్కు నడుస్తుంటే, నా వెనక తప్పెట ఇంకా మోగుతూనే ఉంది.