ప్రశ్నార్థకాల లెక్క

రెండు వందల పద్నాలుగు మెసేజీలు పోయాయి. కె.ఆర్.పురంలోని నా ఫోన్ల కొట్టుకు వచ్చే నర్సమ్మకు, చనిపోయిన ఆమె చెల్లెలు తెలుగులో పంపినవి. కొత్త ఫోన్‌లోకి మార్చేటప్పుడు తెలుగు పట్టని పద్ధతిలో సేవ్ చేసింది నేనే, పాత ఫోన్ తుడిచేసిందీ నేనే. ప్రతి అక్షరమూ, గుణింతమూ, ఒత్తూ ఒక్కో ప్రశ్నార్థకమైంది.

ఆమె తిట్టలేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, గుర్తొచ్చిన మెసేజీ ఒకటి చెప్పి, వేలితో ప్రశ్నార్థకాలు లెక్కపెట్టేది. గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కించి, సంఖ్య సరిపోతే నేను టైపు చేసేవాణ్ని.

ఒకరోజు చివరి మెసేజీ చూపించింది.

"ఇది ఆస్పత్రి నుంచి పంపింది. అప్పుడు తెరిచేదానికి ధైర్యం చాల్లేదు. ఇరవై మూడు ఉండాయి. నీకు లెక్కలొస్తాయి కదప్పా, చెప్పు."

ఇరవై మూడింటిలో పట్టే మాటలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ ఎంచకుండా ఫోన్ ఆమె చేతిలో పెట్టేశాను. ఆ తర్వాత ఆమె రాలేదు.

తొమ్మిది తిరిగి ఇచ్చాను. ఇంకా రెండు వందల అయిదు ఇవ్వాలి.