మేనేజర్ సాబ్ ఉడకబెట్టిన గోలీలు

పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ మాట తన మొగుణ్ణి చూసే పుట్టి ఉండాలని కోరుట్ల సుమిత్రకు గట్టి నమ్మకం. తాళి కట్టినవాడు గనక పైకి అనేది కాదు. మనసులో మాత్రం రోజుకు పదిసార్లు అనుకునేది.

తొమ్మిదేళ్లు దుబాయిలో ఉండి వచ్చాడు మహానుభావుడు హన్మండ్లు. అక్కడ పెద్ద మాల్‌లో మేనేజరట. దేనికి మేనేజరు, ఎవరి మీద మేనేజరు అని అడిగితే, "గవన్నీ చెప్తె నీకు సమజ్ గావు" అనేవాడు. మండే ఎండల్లో కూడా మణికట్టు దాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా. వీధి మలుపు తిరక్కముందే అత్తరు వాసన. పొద్దున్నే బజారుకు పోయి, హోటల్లో చాయ్ తాగి, ఇంటికొచ్చి ఊరిని తిట్టేవాడు. "గిదొక చాయా? బర్రెలు గూడ తాగయి!" అబ్బో, బర్రెల మనసు ఈయనకే తెలిసినట్టు!

ఆ తిట్లన్నీ సుమిత్ర ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది. ఒక్కటే ఓర్చుకోలేకపోయింది. ఈయన కన్ను ఆమె బీడీల చాట మీద పడింది.

పెళ్లికి ముందు నుంచీ ఆమె బీడీలు చుడుతోంది. ఈయన దుబాయి వెళ్లిన మొదటి ఏడాది ఇంటికి చిల్లిగవ్వ రాలేదు. ఆ ఏడాదంతా పొయ్యి వెలిగింది ఆ చాట మీదే. బీడీ కార్ఖానాలో ఆమె పేరు మీద కార్డు ఉంది. రేపు చేతులు పని చెయ్యనప్పుడు పింఛను రావాలంటే ఆ కార్డే ఆధారం. ఒకసారి పోతే మళ్లీ పుట్టదు.

"మేనేజర్ పెండ్లాం బీడీలు చుట్టుడేంది? నా ఇజ్జత్ ఏం గావాలె?" అంటూ చాటను తీసి సజ్జ మీద పారేశాడు. "సోమవారం కార్ఖానకు వోయి కార్డు ఇచ్చేసి రా. లేకుంటె నేనే ఇచ్చొస్త."

ఆదివారం పొద్దున కూతురు వందన వంటింట్లోకి దూరింది. జగిత్యాలలో డిగ్రీ చదువుతుంది. ఫోన్లో ఎవరో బబుల్ టీ చేస్తుంటే చూసి, సగ్గుబియ్యం తయారు చేసే కర్రపెండలం పిండి తెప్పించుకుంది. ఆ పిండిని బెల్లం నీళ్లతో కలిపి, చిన్న గోలీలు చేసి, ఉడకబెట్టి చాయ్‌లో వేసుకోవాలట.

"చాయ్ నములుడేందే బిడ్డా? పండ్లు లేనోళ్లం మేమేం గావాలె?" అంది గడప మీద కూర్చున్న పక్కింటి లచ్చవ్వ. ఆమెదీ బీడీల పనే.

వందన చల్లటి బెల్లం నీళ్లు పోసి పిండి కలిపింది. పిసికితే గట్టిగా ఉంటుంది, చెయ్యి వదిలితే నీళ్లలా జారిపోతుంది. రెండోసారి కలిపింది. అదే కథ.

సోఫాలో ఫోను చూసుకుంటున్న హన్మండ్లుకు ఒళ్లు మండింది. "థూ! పిండి ఖరాబ్ జేత్తున్నవ్. మసలే నీళ్లు పొయ్యాలె! సగం పిండి ఉడికితెనే ముద్దయితది. గింత గూడ తెల్వదా?"

సుమిత్ర చెవులు రిక్కించింది. మేనేజర్‌కు మసలే నీళ్ల సంగతెందుకో!

"జరుగు," అంటూ వచ్చేశాడు. ఇంటికొచ్చాక మొదటిసారి పదిమందిలో గుండీలు విప్పి, చేతులు పైకి మడిచాడు. తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. మసిలే బెల్లం నీళ్లలో సగం పిండి పోసి గిరగిరా తిప్పి, దించి, మిగతాది వేసి, వేడివేడి ముద్దను ఊదుకోకుండానే పిసికాడు. తాడులా సాగదీశాడు. టకటకా కోశాడు. ఒక్కో అరచేతి తిప్పుకు మూడేసి గోలీలు. చూపు పొయ్యి మీద, పని చేతులది. సుమిత్ర కూడా బీడీలు చుట్టేది అలాగే, చూపు ఎక్కడో పెట్టి. ఆ చేతులు తొమ్మిదేళ్లు ఏం చేశాయో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

గోలీలు ఉడికి తేలాయి. మూత పెట్టి, కాసేపాగి జల్లెడలో వంచుతుంటే వేడినీళ్లు ఎగిరి మణికట్టు మీద పడ్డాయి. సరిగ్గా అక్కడే ఆయనకు పాత బొబ్బల మచ్చలున్నాయి. కంపెనీ కారు రేడియేటర్ పేలిందని సెలవు మీద వచ్చిన ప్రతిసారీ చెప్పిన మచ్చలు! చెయ్యి కూడా వెనక్కి తీసుకోలేదు మనిషి.

"అయిందా డాడీ?" అని వెనక నుంచి వందన అరిచింది.

"ఎస్ మేడం, టూ మినిట్స్!"

వెనక్కి తిరక్కుండానే అనేశాడు. అన్నాక చేతిలో జల్లెడ చేతిలోనే ఉండిపోయింది.

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. "ఓ మేనేజర్ సాబ్, నాకో గిలాస!"

సుమిత్రకు నవ్వు రాలేదు. కడుపు మండింది. గోలీలు ఉడకబెట్టినందుకు కాదు. ఉడకబెడితే తప్పేముంది? కష్టం చేసే చేతులకు సిగ్గెందుకు? ఆ చేతులతోనే తన చాటను సజ్జ మీదికి విసిరాడు, చూశారా, అందుకు!

"తొమ్మిదేండ్లు నువ్వక్కడ గోలీలు చేసినవ్. నేనిక్కడ బీడీలు చుట్టిన," అంది. "ఇప్పుడు చెప్పు. మన ఇద్దర్ల మేనేజర్ ఎవలు?"

హన్మండ్లు తల ఎత్తలేదు. "నలుగురు నవ్వుతరని..." అని గొణిగాడు.

"నా మీద మాత్రం నవ్వొచ్చు, గదా? చాట దించు."

స్టూలెక్కి దించాడు. దుమ్ము తువ్వాలుతో తుడిచి మరీ ఇచ్చాడు. కార్డు ఊసే ఎత్తలేదు. సుమిత్ర చాట ఒళ్లో పెట్టుకుని లచ్చవ్వ పక్కన కూర్చుంది. ఆయనే పెట్టిన చాయ్‌లో గోలీలు వేసి వందన గ్లాసు తెచ్చిచ్చింది. ఒక గుక్క తాగి, గోలీలు నిదానంగా నమిలింది. హన్మండ్లు భుజం మీద తువ్వాలుతో, ఆమె ఏమంటుందోనని ఎదురుగా నిలబడ్డాడు.

"గోలీలు మంచిగున్నయ్," అంది సుమిత్ర, గ్లాసు పక్కకు జరిపి, బీడీ ఆకు కత్తిరించే కత్తెర అందుకుంటూ. "చాయ్ మాత్రం, బర్రెలు గూడ తాగయి."