గోడలు లేని దర్వాజ

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను అచ్చంపేట సబ్‌డివిజనుకు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఈఈ, కింద అసిస్టెంట్ ఇంజనీర్లు ఏఈలు. పైవాళ్ల తిట్లు కిందికి, కిందివాళ్ల సాకులు పైకి మోసే కొలువు అది. ఆ యాసంగి పంటకాలంలో లింగాల మండలంలో ఒక రైతు పొలంలోనే నమూనా గోదాము కట్టించాలని ఆదేశాలొచ్చాయి. సామాను సర్కారుది, కూలి పని రైతుది. ఏ పద్ధతిలో కట్టాలన్నది మాత్రం నా ఇష్టానికే వదిలేశారు. కొంప మునిగింది అక్కడే.

పద్ధతులు రెండు. పునాది తీసి, బేస్‌మెంటు లేపి, పూజ చేసి దర్వాజ, అంటే ద్వారబంధం నిలిపి, గోడలు కట్టి, చివరికి కప్పు వేయడం మన పాత పద్ధతి. రెండోది స్తంభాల పద్ధతి. లోతుగా గుంతలు తీసి, ఇనుప పైపులను కాంక్రీటుతో పాతి, వాటి మీద ట్రస్సులు, అంటే రేకులను మోసే ఇనుప చట్రాలు బిగిస్తారు. బరువంతా స్తంభాలదే కాబట్టి గోడలు తర్వాత తీరిగ్గా కట్టుకోవచ్చు.

మాకు దొరికిన పొలం చెన్నమ్మ, మల్లయ్య దంపతులది. మాట్లాడేది చెన్నమ్మ, తల ఊపేది మల్లయ్య. నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైనున్న గోడను కూడా తనతో పాటు చీలుస్తుంది. స్తంభాలైతే కింద గట్టి మొరం నేల దాకా దింపొచ్చు. పైగా వేరుశనగ పీకే రోజులు దగ్గరపడ్డాయి. గోడలు లేచేదాకా పంట ఆగదు. అందుకే స్తంభాలే ఖాయం చేశాను. ఆ నిర్ణయం సరైనదేనని ఈరోజుకీ అంటాను. నా మాట సరైనదని తెలిస్తే చాలు, నోరు మూసుకోవడం నా వల్ల కాదు. నా జబ్బే అది.

స్తంభాలు నిలిచాయి, ట్రస్సులు బిగిశాయి. రేకులెక్కించే రోజు పొద్దున నల్లమల వైపు మబ్బు పట్టింది. అప్పటికే పీకి ఎండబెట్టిన వేరుశనగ కాయ పక్కనే కుప్పగా ఉంది. వచ్చే పంటకు విత్తనం అందులోంచే తీయాలి. తడిసి బూజు పడితే విత్తనానికి పనికిరాదు. మేస్త్రీ నిచ్చెన వేశాడు. చెన్నమ్మ వచ్చి దానికి అడ్డంగా నిలబడింది.

"దర్వాజ నిలపకుంట కప్పేంది సారూ? నాలుగు గుంజలు పాతి పైన కప్పేస్తె పందిరైతది. పందిరి పెండ్లికన్న ఎయ్యాలె, పీనుగకన్న ఎయ్యాలె. మా ఇంట్ల పెండ్లయితే లేదు."

ఇది ఇల్లు కాదు, గోదామన్నాను. "పల్లికాయ లచ్చిమి గాదా? నాలుగు దిక్కుల తెరిసి పెడితివి. ఇట్ల వచ్చి గట్ల పోతది" అంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. పుల్ల తీసుకుని నేల మీద బొమ్మ గీశాను. కప్పు బరువు ట్రస్సు మీదికి, అక్కణ్ణుంచి స్తంభానికి, స్తంభం నుంచి మొరానికి ఎలా దిగుతుందో చూపించాను. ఈ లెక్కలో దర్వాజ మోసే బరువు సున్నా అని ఘనంగా తేల్చాను. మేస్త్రీ బీడీ ముట్టించాడు. మా ఏఈ మబ్బు వైపు చూస్తున్నాడు. మల్లయ్య తల ఊపుతుంటే గెలిచాననుకున్నాను. కాసేపటికి చూస్తే భార్య మాటకూ అలాగే ఊపుతున్నాడు. నాకు ఒళ్లు మండి, బొమ్మ చెరిపి మళ్లీ మొదటి నుంచి గీశాను.

రెండో బొమ్మ పూర్తికాకముందే గాలిదుమారం లేచింది, వెనకే వాన. అందరం కుప్ప మీదికి టార్పాలిన్ లాగాం. గాలి ఒక అంచును ఎగరగొట్టింది, ఆ వైపు కాయంతా తడిసింది. జల్లు కాసేపటికే ఆగింది గానీ, మబ్బు ఇంకా నల్లగానే ఉంది.

"ఏం చేద్దామంటావమ్మా?" అని చెన్నమ్మను అప్పటికి గానీ అడగలేదు.

ముందు దర్వాజ నిలపమంది. దాన్ని ఎప్పుడో చేయించి పెట్టిందట. వాళ్ల వాకిట్లో పడుకోబెట్టి ఉన్న ఆ వేపచెక్క మీద కూర్చుని నేను రెండుసార్లు చాయ్ కూడా తాగాను. ఇదెందుకమ్మా అని ఒక్కసారైనా అడిగితే నా సొమ్మేం పోయేది! ట్రాక్టరు మీద తెచ్చారు. రెండు స్తంభాల మధ్య నిలబెట్టి బైండింగు తీగతో కట్టారు. పసుపు, కుంకుమ, మామిడాకులు, నవధాన్యాల మూట, ఒక కొబ్బరికాయ. అంతే, అయిపోయింది.

రేకులు చకచకా ఎక్కాయి. బోల్టులు చూద్దామని నేను మరో రెండు స్తంభాల మధ్య నుంచి లోపలికి అడుగేశాను. అందరూ ఒక్కసారే కేకేశారు. "ఏంది సారూ, దర్వాజ ఉండంగ గోడలకెల్లి వస్తున్నవ్?" అంది చెన్నమ్మ. లేని గోడను చీల్చుకుని వెనక్కి వెళ్లి, చుట్టూ తిరిగి, తల వంచి దర్వాజలోంచి వచ్చాను. తర్వాత కాయ సంచులన్నీ అలాగే వచ్చాయి. మూడు దిక్కులా బార్లా తెరిచి ఉన్నా, కూలీలు వరస కట్టి ఆ ఒక్క దర్వాజలోంచే మోశారు. సాయంత్రం పెద్ద వాన పడేసరికి పంట కప్పు కిందికి చేరింది.

తడిసిన కాయను చెన్నమ్మ వేరుగా పోసింది. విత్తనానికి దాచుకోవాలనుకున్న దాంట్లో ఎక్కువ భాగం అదే. చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది. "సారు మంచిగనే చెప్పిండు" అంది మల్లయ్యతో. "వాననే ఇనలే."

ఆ తర్వాత స్తంభాల పద్ధతిలో కట్టిన ప్రతి పనికీ, అంచనాలో స్తంభాల పద్దు వెనకే దర్వాజ నిలుపుడు రాశాను. దాని మీద ఏ బరువు పడుతుందని ఈఈ అడిగితే, స్థానిక ఆచారమని జవాబిచ్చాను. ఆయన సంతకం పెట్టారు. నల్లరేగడిలో స్తంభాలా, గోడలా అని ఎవరైనా అడిగితే స్తంభాలనే చెబుతాను. అయితే గీత గీయకముందు, ఏది లేకపోతే మీరు లోపల అడుగు పెట్టరని ఆ ఇంటివాళ్లను అడగాలి. ఆ పొద్దున దర్వాజ నిలపడానికి పట్టిన సమయం కంటే, అది అక్కర్లేదని నేను నిరూపించడానికి పట్టిన సమయమే ఎక్కువ. చెన్నమ్మ విత్తనం తడిసింది ఆ తేడాలోనే.