జనరేటరు పక్కన ఒంటె

వాన వెలిసింది గానీ మబ్బు వదల్లేదు. దేవరయాంజాల్‌లో గొర్రెలకు చిటుకు రోగం టీకాలు వేస్తున్నాం. సగం మంద అయ్యేసరికి ఫోను వచ్చింది. మా పాత డాక్టరమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట. మిగతా మందకూ టీకాలు వేసి బయలుదేరాను. పని మధ్యలో వదిలి వస్తే ఆమెకు నచ్చేది కాదు.

ఆమెది కోస్తా. దూలపల్లి కాలనీలో ఇల్లు. రిటైరయ్యేదాకా మా పశువుల దవాఖానలోనే పనిచేసింది. నేను అక్కడ అటెండర్‌ని. గేదెలను కూడా ఆమె ‘మీరు’ అనేది. ‘కొంచెం జరుగుతారా అండీ’ అంటే ఒక్క గేదె కూడా జరిగేది కాదు. మేం నవ్వితే, ‘పాలిచ్చేవాళ్లను నువ్వు అనలేనయ్యా’ అనేది.

దారిలో ఆమె ఒంటెకు వైద్యం చేసిన సంగతే గుర్తొచ్చింది. ఒక చలికాలం, పెళ్లిళ్ల రోజుల్లో, మేడ్చల్ రోడ్డు మీది ఫంక్షన్ హాలు దగ్గర పెళ్లి సందడికి ఒంటెను నిలబెట్టే చాచా దవాఖానకు వచ్చాడు.

“డాక్టరమ్మా, రాత్రంత ఒకటే దగ్గు. ముక్కుల నుంచి చీమిడి కారుతాంది. గీ దగ్గు పెండ్లోళ్లకు అంటుకుంటే ఎట్ల, ఇంకో ఒంటెను మాట్లాడుకుంట అంటుండు మేనేజరు. ఇగ నా రోటీ పోయినట్టే.”

“నాకు ఒంటె వైద్యం రాదు చాచా. ఇవాళే మొదలుపెడదాం.”

“మస్తు చెప్తివి! నా ఒంటె మీదనే నేర్సుకుంటవా?”

“మా ఇంట్లో ఒంటె లేదుగా మరి.”

హాలు వెనక చాచా ఒంటెను కూర్చోబెట్టాడు. అంటుకుంటుందో లేదో తెలిసేదాకా మాస్కులు తీయొద్దని ఆమె మా ఇద్దరికీ చెప్పింది. రాజస్థాన్‌లో ఒంటెలకు వైద్యం చేసే స్నేహితురాలికి ఫోను చేసి, ఆ ఫోనును ఒంటె డొక్కకు ఆనించింది. అవతలామె కాసేపు విని హిందీలో అంది: “ఊపిరి సంగతి తర్వాత. మీ ఒంటెకు డీజిల్ ఇంజను ఎవరు బిగించారు?”

ముగ్గురం వెనక్కి తిరిగాం. హాలు జనరేటరు. పొగ సూటిగా ఒంటె మొహానికే వస్తున్నది. ఊళ్లో ఇలాంటి మోతలు రోజూ వినీ వినీ మా చెవికి ఎక్కలేదు.

“ఇక్కడెందుకు కట్టావు చాచా?”

“ఎండల దేశంల పుట్టింది గదమ్మా. సలికి పరేషాన్ అయితదని ఏడిగ ఉన్నకాడ కట్టిన.”

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. చాచా ముందు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత అతనికీ నవ్వాగలేదు.

ముక్కులో నుంచి తీసిన చీమిడిని ల్యాబుకు పంపింది. సూక్ష్మజీవులు ఉన్నాయని వచ్చింది. చాచా నీరుగారిపోయాడు.

“ఇవి మనుషులకు అంటవు, నిక్షేపంగా ఉన్న ఒంటెలో కూడా ఉంటాయి. పొగా దుమ్మూ ఊపిరితిత్తులను దెబ్బతీస్తే అప్పుడు విజృంభిస్తాయి. సూది మందు నేనిస్తాను. పొగ లేని చోటు నువ్వు చూడు.”

ఒంటెను చాచా తమ్ముడి మక్కచేను గట్టుకు మార్చారు. మేనేజరుకు ఆమే నచ్చజెప్పింది.

“తగ్గేదాకా ఆగండి. ఆగకుండా కొత్త ఒంటెను తెచ్చినా, మీ పొగ దానికీ ఇదే దగ్గు తెస్తుంది.”

అతను పొగగొట్టాన్ని గోడకన్నా ఎత్తు లేపించాడు. దగ్గిందంటే మాత్రం వెనక్కి పంపిస్తానన్నాడు.

తగ్గాక మొదటి పెళ్లికి ఆమె వచ్చింది. అద్దాల గుడ్డ కప్పుకుని ఒంటె గేటు దగ్గర నిలబడింది. బ్యాండు మోగుతున్నది, పటాకులు పేలుతున్నాయి, బారాత్‌లో పిల్లలు ఎగురుతున్నారు. వాటిలో వేటినీ చూడకుండా ఆమె తల ఓ పక్కకు వంచి ఒంటెనే వింటున్నది. చాచా కళ్లు మేనేజరు మీద ఉన్నాయి. ఒంటె మెడ ఎత్తింది, పెదవులు కదిపింది, నెమరు వేసుకుంటూ ఉండిపోయింది. ఒక్క దగ్గు లేదు. చాచా రెండు చేతులూ పైకెత్తి బ్యాండు ముందుకు పోయి ఆడాడు.

పెండ్లికొడుకు లోపలికి వెళ్లాక డాక్టరమ్మ ఆఖరి బస్సుకు దూలపల్లి వెళ్లిపోయింది.