నేను బాగు చేసిన రోబో

నలుగురు పదేళ్ళ ఆడపిల్లలు మూడు నెలలు కష్టపడి తీర్చిదిద్దుకున్న రోబోని నేను నలభై నిమిషాల్లో ఎలా నాశనం చేశానో చెబుతాను. ఆ నలభైలో పన్నెండు నిమిషాలు ఆఫీసు మీటింగులో మ్యూట్‌లో ఉండి చేసినవే. కాబట్టి నా సామర్థ్యాన్ని దయచేసి తక్కువ అంచనా వేయకండి.

మేముండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కోలో. మా అమ్మాయి అమూల్య ఐదో తరగతిలో ఉండగా మరో ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి రోబోటిక్స్ టీములో చేరింది. మా వెనక వీధి ప్రభాకర్ గారు కోచ్, వాళ్ళ గరాజ్ ప్రయోగశాల. తల్లిదండ్రులందరూ తలా ఒక పని పంచుకోవాలన్నారు. నేను సంతోషంగా వెళ్ళాను. పదిహేనేళ్ళుగా ఆస్పత్రులకి సాఫ్ట్‌వేర్ రాస్తున్న ఆర్కిటెక్టుని కదా, నా కోసం ఎదురుచూస్తూ ఉంటారనుకున్నాను.

"మేడమ్, మీరు స్నాక్స్ చూస్కోండ్రి," అన్నారు ప్రభాకర్ గారు.

"కోడింగ్‌లో ఏమైనా హెల్ప్ కావాలంటే..."

"కోడింగ్ అంత పిల్లలే చేస్తరు. పెద్దోళ్ళు ముట్టుకోవద్దని రూలే ఉంది. మీ పులిహోర మస్తుంటదని మా ఆమె చెప్పింది."

ఇంతకంటే అవమానం ఇంకొకటి ఉంటుందా? మూడు నెలలు ప్రతి ఆదివారం పులిహోర డబ్బా మోస్తూ, వాళ్ళ స్క్రీను వంక ఓరచూపులు చూస్తూ గడిపాను.

ఆ స్క్రీను సంగతి కొంచెం చెప్పాలి. ఇందులో ప్రోగ్రామ్ రాయడమంటూ ఉండదు. ఎడమ పక్కన రంగురంగుల ముక్కలుంటాయి. చక్రాలు తిప్పడానికి నీలం ముక్క, ఆగడానికి నారింజ, చప్పుడు చేయడానికి ఊదా. కావలసిన ముక్కని మౌస్‌తో లాక్కొచ్చి కింద తగిలిస్తే టక్కున అతుక్కుంటుంది. అలా ఒకదాని కింద ఒకటి గొలుసులా పేర్చి రోబోలోకి ఎక్కిస్తే అది ఆ వరసలోనే నడుస్తుంది. మా చదువుల్లో ఒక్క సెమీకోలన్ మర్చిపోతే పరీక్ష పోయేది. వీళ్ళు ముగ్గులు పెట్టుకున్నట్టు ప్రోగ్రాములు పెట్టుకుంటున్నారు! నాకు కాస్త అసూయ, బోలెడు చిన్నచూపు కలిగాయి. రెండూ కలిస్తే ఎంత ప్రమాదమో నాకప్పటికి తెలియదు.

పోటీ శనివారం. శుక్రవారం మధ్యాహ్నం అమూల్య డాన్సు క్లాసుకి వెళ్ళింది. చార్జింగు వంతు మాది కావడంతో రోబో మా డైనింగ్ టేబుల్ మీదే ఉంది, పక్కనే లాప్‌టాప్ తెరిచి ఉంది. నేను ఇంటినుంచే పనిచేస్తున్నాను. మీటింగులో ఎవరో ఏదో చెబుతున్నారు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదన్నారు పెద్దలు. బోడిగుండు సంగతి నాకు తెలియదుగానీ, ఆ మొదటి సగం మాత్రం అక్షరాలా నిజం.

కాఫీ కోసం మా ఆయన మురళి అటుగా వచ్చారు.

"ఏంటి, పిల్లల ప్రోగ్రామ్ చూస్తున్నావ్?"

"ఊరికే చూస్తున్నానండీ."

"చూడ్డానికి మౌస్ ఎందుకు కదుపుతున్నావ్?"

"మీరు కాఫీ తాగండి."

ఏం చెప్పమంటారు! ఒకే ఏడు ముక్కల వరసని ఐదుసార్లు తిరిగి తిరిగి పేర్చుకున్నారు. రోబో ఒక పని చేసి తన స్థానానికి తిరిగి రావడం, వచ్చిన ప్రతిసారీ పిల్లిలా "మియావ్" అనడం, ఆ తర్వాత ఆరు సెకన్లు ఉత్తినే నిలబడి ఉండటం! మొత్తం ఆట రెండున్నర నిమిషాలైతే అందులో అర నిమిషం ఈ మహారోబో దిక్కులు చూస్తుందన్నమాట. నా కింద పనిచేసేవాడెవడైనా ఇలా రాస్తే అక్కడికక్కడే పాఠం చెప్పేదాన్ని.

పీకేశాను. ఐదు మియావులు, ఐదు వెయిట్ ముక్కలు అన్నీ పీకేశాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, అంతటితో ఆగకుండా మిగిలిన ముక్కల వరసని ఒకే ముక్కగా చేసి దానికి 'ఎగ్జిక్యూట్ మిషన్ వెర్షన్ టూ' అని పేరు పెట్టాను. పక్కన 'క్లీనప్: శైలజ' అని కామెంటు కూడా పెట్టాను. దొంగతనం చేసి అడ్రసు రాసిపెట్టి వచ్చేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి. కొత్త ప్రోగ్రాముని రోబోలోకి ఎక్కించి కార్పెట్ మీద వదిలితే రివ్వున వెళ్ళి రివ్వున వచ్చింది. అరనిమిషం ఆదా! గెలిచాక నెమ్మదిగా చెబుదాం, పిల్లలు సంబరపడతారనుకున్నాను.

శనివారం స్కూలు జిమ్ జాతరలా ఉంది. ప్రాక్టీసు టేబుల్ దగ్గర పెద్ద క్యూ ఉండటంతో మా వాళ్ళ వంతు రాకుండానే మొదటి రౌండుకి పిలిచేశారు. మూడు రౌండ్లు, వాటిలో మంచి స్కోరు లెక్క. మొదటి ఆరు టీములూ రాష్ట్రస్థాయికి వెళతాయి. మా పిల్లలకి ట్రోఫీ మీద అంత మోజు లేదు. రాష్ట్రస్థాయికి వెళ్తే హోటల్లో నలుగురూ ఒకే గదిలో పడుకోవచ్చని, పూల్‌లో ఈదవచ్చని నెలరోజులుగా కలలు కంటున్నారు. ఏ స్విమ్‌సూట్ తెచ్చుకోవాలో కూడా తేలిపోయింది.

అమూల్య బటన్ నొక్కింది. రోబో వెళ్ళి మొదటి పని చక్కగా చేసి తిరిగొచ్చింది. టేబుల్ పక్కన వాళ్ళ టీములోనే ఉన్న రియా అనే చిన్నారి, రోబో ముందు తగిలించాల్సిన ప్లాస్టిక్ చెయ్యి పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. మియావ్ కోసం చూస్తోంది. మియావ్ రాలేదు. రోబో గిర్రున తిరిగి చెయ్యి లేకుండానే వెళ్ళిపోయింది.

"హే! మియావ్ ఏదీ?" అంది రియా.

"ఆగట్లేదు! ఎందుకు ఆగట్లేదు?" అమూల్య అరిచింది.

రెండోసారి వచ్చింది, వెళ్ళింది. మూడోసారి రియా చెయ్యి తగిలించబోతే వేళ్ళ మధ్యనుంచి జారుకుపోయింది. ప్రతిసారీ ఉత్త చేతులతో వెళ్ళి గాలిని ఎత్తి, గాలిని దించి వచ్చింది. నాలుగోసారి మొదట కట్టిన బుల్లి వంతెనని తానే కూల్చింది. ఐదోసారి నేరుగా టేబుల్ అంచు దాటింది. చారల చొక్కా వేసుకున్న రిఫరీ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. గాల్లో కూడా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. అది మాత్రం అద్భుతమైన వేగం.

స్కోరు ఐదు. పిల్లలు మూలకి చేరారు. నేను పిరికిదాన్నిలా పులిహోర డబ్బా మూత తీశాను. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"సారీ గైస్. నేను ఫాస్ట్‌గా పెట్టలేకపోయా," అంది రియా, కళ్ళు తుడుచుకుంటూ.

"నో, నాదే మిస్టేక్. నిన్న నేనే ఏదో తప్పు నొక్కేసుంటా," అంది అమూల్య. 

అది విన్నాక డబ్బా పక్కన పెట్టేశాను. "కాదమ్మా. నేను ముట్టుకున్నాను," అన్నాను.

"ఏందీ?" అన్నారు ప్రభాకర్ గారు.

"ఆ వెయిట్‌లూ మియావులూ వేస్ట్ అనుకుని తీసేశాను. రోబో ఊరికే నిలబడుతోంది కదా అని..."

అమూల్య నా వంక చూసింది. కోపం కూడా కాదు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది.

"అమ్మా, ఆ వెయిట్ రోబో కోసం కాదు. రియా కోసం. ఆర్మ్ పెట్టడానికి తనకి సిక్స్ సెకండ్స్ పడుతుంది. మేం ఎన్నిసార్లు టైమ్ చేశామో తెలుసా? మియావ్ అంటే, 'రియా, నౌ!' అని."

నాకు సిగ్గేసింది. దాని వెనకే పొంగుకొచ్చేంత గర్వమూ కలిగింది. యంత్రాన్ని ఎంత పరుగెత్తించాలా అని నేను చూస్తే, స్నేహితురాలి చిట్టి వేళ్ళ కోసం యంత్రాన్ని ఆపారు వీళ్ళు. పదిహేనేళ్ళలో ఇలాంటి ఆలోచన నాకెప్పుడూ తట్టలేదు.

"మేడమ్, ముందు రిఫరీకి చెప్పాలె," అన్నారు ప్రభాకర్ గారు. వెళ్ళి చెప్పాను. ఆయన నవ్వేసి, ప్రతి ఏడూ ఒకరుంటారని, అయితే ఎప్పుడూ నాన్నలే వస్తారని, ఒక అమ్మ రావడం ఇదే మొదటిసారని చెప్పాడు. పిల్లలు రాసిన అసలు ప్రోగ్రాముతో మిగతా రెండు రౌండ్లూ ఆడితే చాలన్నాడు. స్త్రీజాతి ముందడుగులో నా వంతు పాత్ర కూడా నమోదైంది.

తర్వాతి రౌండుకి ఇరవై నిమిషాలే ఉంది. "అదంతా నేను మళ్ళీ పేర్చి ఇస్తాను," అంటూ లాప్‌టాప్ మీదికి వంగాను.

"నో, ఆంటీ!" ముగ్గురు పిల్లలు. "నో, అమ్మా!" నాలుగోది.

అమూల్య లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని ఒక ఫైలు తెరిచింది. దాని పేరు 'బిఫోర్ అమ్మ'. లోపల మియావులన్నీ క్షేమంగా ఉన్నాయి.

"ఇదెప్పుడు దాచావే?"

"థర్స్‌డే. నువ్వు వెనకనించి స్క్రీన్ చూసి 'హ్మ్' అన్నావ్ కదా. అప్పుడే బ్యాకప్ తీశా."

ప్రభాకర్ గారు పక్కకి తిరిగి నవ్వారు. ఆయన భుజాలు చాలాసేపు ఊగాయి.

రెండో రౌండులో రోబో మియావ్ అంది, రియా చెయ్యి తగిలించింది. మూడో రౌండులో ఐదు మియావులూ వినిపించాయి, ఐదుసార్లూ రియా వేళ్ళు తప్పలేదు, వంతెన నిలబడింది. రాష్ట్రస్థాయికి వెళ్ళే ఆరు టీముల్లో మాది ఆరో స్థానం. పిల్లలు గెంతిన గెంతులకి జిమ్ అదిరింది. ఖాళీ అయిన డబ్బాని నేను హాయిగా సర్దుకున్నాను.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ సోమవారం ఆఫీసులో కూర్చోగానే నాకో పాడు అనుమానం వచ్చింది. మా టీము కోడంతా దాచుకునే చోట నా పేరు కొట్టి వెతికాను. 'బిఫోర్ శైలజ రివ్యూ' అని ఒకటి కాదు, నాలుగు కాపీలు దొరికాయి. అందులో ఒకటి మా మేనేజర్ దాచుకున్నది.

అందుచేత కుడిచేయి పైకెత్తి సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: పదేళ్ళ పిల్లలదైనా, పదోన్నతి పొందిన పెద్దలదైనా, పనిచేస్తున్న ప్రోగ్రాముని అడగనిదే ఈ జన్మలో ముట్టుకోను. వెనక నిలబడి చూడాల్సి వచ్చినా 'హ్మ్' అనను. మీకు నమ్మకం కుదరకపోతే, ముందు ఒక బ్యాకప్ తీసుకోండి.