భుజం మీది పొడిబట్ట

పదేళ్ళ క్రితం దవాఖానలో డాక్టరమ్మ అడిగిన ఒక చిన్న ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను. తర్వాత ఎవరి ముందూ దాన్ని సరిదిద్దలేదు. మరిచిపోయాననే అనుకున్నాను. మొన్న మా తమ్ముడి కొడుకును దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినప్పుడు, పసివాడికి నీళ్ళు ఎవరు పోయాలన్న మాట వచ్చింది. "గా మూలింటి అవ్వను మాత్రం పిలువకుండ్రి. మన పెద్దపిల్ల పానం మీదికి తెచ్చిన చేతులవి" అంది అమ్మ. పెద్దపిల్ల అంటే నా కూతురు. నా భార్య కూడా తలూపింది. నా మాట నాకన్నా గట్టిగా బతికి ఉందని అప్పుడు తెలిసింది.

మా తమ్ముడు బండరాళ్ళు పగలగొట్టగలడు గానీ, కొడుకును ఎత్తుకోమంటే నిండా నీళ్ళున్న పళ్ళెం పట్టుకున్నట్టు కదలకుండా నిలబడిపోయాడు. "అన్నా, మెడ పట్టుకోవాల్నా, నడుము పట్టుకోవాల్నా? నాకు ఉన్నయే రెండు చేతులు" అన్నాడు. నేను ధీమాగా పాఠం మొదలుపెట్టాను. ఒక అరచెయ్యి తలకూ మెడకూ కింద, రెండోది పిరుదుల కింద. బిడ్డను లేపడం కాదు, నువ్వే వంగి దగ్గరికి తీసుకో. గడ్డం నీ భుజం మీదికి రావాలి. వేళ్ళతో కాదు, దొప్పలా వంచిన అరచేత్తో వీపు మీద మెల్లగా తట్టు. "తేన్పు రాకపోతే?" అన్నాడు. "జరసేపు గట్లనే ఎత్తుకొని ఉండు. నీకేం తొందర?" అన్నాను. తమ్ముడు మెచ్చుకోలుగా చూశాడు. ఆ పాఠంలో ఒక్క ముక్క కూడా నాది కాదు. అంతా మూలింటి అవ్వదే.

మా వాడకట్టులో నాకూ, తమ్ముడికీ, మా ఈడు వాళ్ళందరికీ నీళ్ళు పోసింది ఆమే. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను పిక్కల మీద బోర్లా వేసుకుని, చెంబెడు వేణ్ణీళ్ళను ముందు తన మోచేతి మీద పోసుకుని చూసుకునేది. ఏడ్చే పిల్లతో, "మీ నాయిన ఇంతకన్న గట్టిగ ఏడ్సిండు, నువ్వేం గొప్పదానివి" అనేది. నా భార్యకు తల్లి లేదు. ఆమె చెల్లెలే మా తమ్ముడి భార్య. అందుకని రెండు పురుళ్ళూ మా ఇంట్లోనే జరిగాయి.

మాది గొర్రెల ఇల్లు. నేను బడిలో పాఠాలు చెప్పినా, ఈనే గొర్రెకు అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి తీసిన చేతులు నావి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన కూతురిని కూడా ఆ ధైర్యంతోనే ఎత్తుకోబోయాను. అవ్వ నా చేతి మీద ఒక్కటేసింది. "ఏం సారూ, చంకల వెట్టుకపోయి మందల కలుపుతవా? ఇంక మెడ నిలువని పిల్ల ఇది." ఆడవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు.

ఇరవై రోజుల పిల్ల అప్పుడు. మధ్యాహ్నం నా భార్య పాలిచ్చి, బిడ్డను నాకిచ్చి అన్నానికి వెళ్ళింది. అవ్వ నాలుగు మడతలు వేసిన మెత్తటి బట్ట నా భుజం మీద పరిచి, "తేన్పు వచ్చేదాక దించకు కొడుకా" అని చెప్పి, పొత్తిగుడ్డలు పిండడానికి పెరట్లోకి పోయింది. పదిసార్లు తట్టానేమో. తేన్పు రాలేదు. పిల్ల నిద్రపోయింది. బల్ల మీద పరీక్ష పేపర్ల కట్ట ఎదురు చూస్తోంది. మందలో ఇన్ని పిల్లలు పాలు తాగి పడుకుంటున్నాయి, ఏ గొర్రెపిల్లకు ఎవరు తేన్పు తీశారు? నవ్వుకుని, పిల్లను మంచం మీద పడుకోబెట్టి, భుజం మీది బట్ట మంచం పట్టె మీద వేసి పేపర్లు ముందేసుకున్నాను.

నాలుగో పేపరు దగ్గర చిన్న చప్పుడు వినిపించింది, దగ్గు గొంతులోనే ఆగిపోయినట్టు. తిరిగి చూస్తే ముక్కులోంచీ నోట్లోంచీ పాలు, ముఖం నల్లబడుతోంది, ఏడుపు లేదు. అన్ని గొర్రెపిల్లలను బతికించిన నా చేతులు లేవలేదు. "అవ్వా!" అని అరిచాను. ఆమె తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి, బిడ్డను ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా వేసుకుని, దవడ పట్టుకుని, వీపు మీద తట్టింది. నాలుగో దెబ్బకు పాలు కారి ఏడుపు వచ్చింది. అంత మంచి చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

దవాఖానలో డాక్టరమ్మ చూసి, బిడ్డకు ప్రమాదం లేదని చెప్పి, "పాలు తాగాక తేన్పు తీశారా?" అని అడిగింది. నా భార్య నావైపు చూసింది. "తీసిన" అన్నాను. తర్వాత స్నానం గురించి అడిగితే, అవ్వ ముక్కులో నూనెచుక్క వేస్తుందని అమ్మ చెప్పింది. అది మానెయ్యాలని డాక్టరమ్మ అంది. ఆ మాట సరైనదే. కానీ ఆ రోజు జరిగినదానికి కారణం అది కాదు. ఆటోలో ఇంటికి చేరేసరికి తప్పంతా అవ్వదైపోయింది. సారు తీసిన అన్నడంటే తీసినట్టే కదా. మర్నాటి నుంచి అవ్వను పిలవలేదు. ఏడాది తిరిగేసరికి వాడకట్టులో అందరూ పిలవడం మానేశారు. నా కూతురు బడికి పోతుంటే అవ్వ తన గడపలో కూర్చుని చూసేది, అంతే.

మొన్న అమ్మ ఆ మాట అన్న మర్నాడు పొద్దున్నే మూలింటికి వెళ్ళాను. అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. అంతా చెప్పాను. ఆమె చాట దించలేదు.

"ఎరుకే."

"ఎట్ల?"

"పిల్లకు తేన్పొస్తే బొట్టన్ని పాలు పడకుంట ఉండయి. నీ భుజం మీద ఏసిన బట్ట నేనే పిండవోయిన. పొడిగ ఉండె, నేనేసిన మడత గట్లనే ఉండె."

"మరెందుకు చెప్పలేదు?"

"గప్పుడే చెప్తే నువ్వు మల్ల బిడ్డను ముట్టుకుంటుంటివా? నీ పెండ్లాం నీ చేతికి ఇస్తుండెనా? తొమ్మిదేండ్లకు పుట్టిన బిడ్డ, తండ్రి ఎత్తుకోకుంటె ఎట్ల?" ఏరిన రాయి ఒకటి బయటికి విసిరింది. "నువ్వే చెప్తవనుకున్న. జర ఆలస్యం చేసినవ్. ఇప్పుడు గూడ నాకు చెప్పి ఏం లాభం? గా దినం ఎవలు ఇన్నరో వాళ్లకు చెప్పు."

ఆమెను వెంటబెట్టుకుని వచ్చాను. పెరట్లో వేణ్ణీళ్ళ బకెట్టు పొగలు కక్కుతోంది. అమ్మ, నా భార్య, మరదలు, తమ్ముడు, నా కూతురు, అందరూ ఉన్నారు. "ఆ రోజు నేను తేన్పు తీయలేదు. తీసిన అని అబద్ధం చెప్పిన. బిడ్డను బతికించింది అవ్వ" అన్నాను. నా భార్య నావైపు చూసింది. లోపలికి వెళ్ళి పీట తెచ్చి అవ్వ ముందు వేసింది. మరదలు పసివాణ్ణి అవ్వ చేతుల్లో పెట్టింది. "నూనెచుక్క ఎయ్యనులే" అంది అవ్వ, కాళ్ళు చాపుకుంటూ.

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. "అవ్వా, తప్పు నాది. నన్ను క్షమించు" అన్నాను. ఆ మాట నా నోటికి రావడానికి పదేళ్ళు పట్టింది. అనడానికి మాత్రం పసిబిడ్డకు తేన్పు వచ్చేంతసేపు కూడా పట్టలేదు.