బల్బుకు బుట్ట

తొంభైల చివర, అనంతగిరి దగ్గర మా ఊరికి కరెంటు వచ్చేనాటికి నేను ఆరో తరగతి. కరెంటు కావాలని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళలో మా నాన్న ఒకడు. అందుకే మా ఒంటి గది ఇంటికి నడిమధ్యన, ఊళ్ళో అందరికంటే పెద్ద బల్బు పెట్టించాడు.

మొదటి సాయంత్రమే మా నానమ్మ పళ్ళెం తీసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయింది. అన్నాళ్ళూ పొయ్యి వెలుగులోనో, కిరసనాయిలు బుడ్డి వెలుగులోనో తిన్న మనిషి.

"లోనికి రావేటమ్మా?" అన్నాడు నాన్న.

"నానొల్లన్రా. కళ్ళల్లో కారం కొట్టినట్టుంది."

అలవాటవుతుందిలే అనుకున్నాం. కాలేదు. చలికాలం వచ్చి మంచు అరుగు దాకా పాకుతున్నా, ఆవిడ దుప్పటి కప్పుకుని బయటే రాగిపిండితో కాచిన చోడి అంబలి తాగేది. ఏదైనా చెప్పాలంటే లోపలి నుంచి కేకెయ్యాలి. మాకు కథలు చెప్పడం కూడా మానేసింది.

అమ్మ పాత క్యాలెండరు కాగితం చుట్టి బల్బుకు తొడిగింది. కాసేపటికే అది మాడి కమురు వాసన కొట్టింది. దాన్ని పీకి పారేసి, మర్నాడు అల్లం మోసే వెదురు బుట్టకు అడుగున కన్నం చేసి, బల్బుకు తగలకుండా బోర్లించి దూలానికి కట్టింది. వెలుగంతా కింద చాప మీద పడింది. గోడల మీద అల్లిక నీడలు పరుచుకున్నాయి.

నాన్న ముఖం చిన్నబోయింది. "కరెంటు కోసం అన్నేళ్ళు తిరిగింది బుట్ట కింద దాసీడానికేటి?"

"నువ్వు తెచ్చిన కరెంటుకి మీ యమ్మ సలిలో కూకుంటంది మావా" అంది అమ్మ.

నాన్న బయటికి వెళ్ళి, ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో నానమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. గుమ్మంలో ఆవిడ అలవాటుగా కళ్ళు మూసుకుంది. మెల్లగా తెరిచింది.

ఇంట్లోకి వెలుగొచ్చిందని మురిసిపోయామే గానీ, ఆ వెలుగులో నానమ్మ మా ముఖాలు చూడటం మానేసిందని మాకు తట్టనే లేదు. తల దించుకుని వచ్చేది, తల దించుకునే వెళ్ళేది.

ఆ సాయంత్రం చూసింది. అంబలి పోయడానికి అమ్మ వంగితే, కోడలి తల మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఓలమ్మ, నీకూ జుట్టు నెరిసిపోతందేటే గుంటా!"

అమ్మ నవ్వేసింది. నాన్న మాత్రం తింటున్నవాడల్లా ఆగి, తనకూ అప్పుడే తెలిసినట్టు అమ్మ వైపు చూశాడు.